గాజు గిన్నెకి పేరు పెట్టినవాళ్ళు

మన భాషలో గాజు అంటే ముందుగా గుర్తొచ్చేది చేతికి వేసుకునేదే. ఆ తరవాతే లాంతరు చిమ్నీ, మందుసీసా, చుట్టాలు వచ్చినప్పుడు మాత్రమే బీరువాలోంచి కిందికి దిగే అరడజను గ్లాసులూను. మన వంటింట్లో రాజ్యం ఇత్తడిది, కంచుది, ఆ తరవాత స్టీలుది. గాజుకి మనం పెద్దగా పీట వెయ్యలేదు. పగులుతుందని భయం, పగిలితే అశుభమని ఇంకో భయం!

అమెరికావాళ్ళ సంగతి వేరు. దగ్గర దగ్గర రెండు వందల ఏళ్ళుగా అక్కడి సామాన్యుల భోజనాల బల్ల మీద గాజుదే పెత్తనం. అందులోనూ అచ్చులో వేసి నొక్కి తీసిన గాజు. ప్రెస్డ్ గ్లాస్ అంటారు వాళ్ళు. మనం అచ్చు గాజు అనుకుందాం. డబ్బున్నవాళ్ళకి కట్ గ్లాస్ ఉండేది: నిపుణుడు కూర్చుని సానరాయి మీద ఒక్కొక్క గీతే కోసి, మెరుగు పెట్టి ఇచ్చేది. ఆ తళతళ చూసి మనసుపడినా కొనలేని ఇల్లాలి కోసం పుట్టింది అచ్చు గాజు. ఇప్పుడు అక్కడ దాన్ని వెతికి వెతికి సేకరించేవాళ్ళు వేలమంది. వాళ్ళకి సంఘాలున్నాయి, మ్యూజియాలున్నాయి, లావుపాటి పుస్తకాలున్నాయి. ఆ పుస్తకాల్లో మొదట దారి చూపినవి చాలావరకు ఆడవాళ్ళు రాసినవే. నన్ను ఈ గాజు దగ్గరికి లాగింది అదీ.

అంతకుముందు గాజు పాత్ర చెయ్యాలంటే గొట్టంతో ఊదాల్సిందే. ఊదేవాడు ఏళ్ళ తరబడి విద్య నేర్చినవాడు, వాడి కూలీ వాడు చెప్పినంత. 1820ల్లో అమెరికాలో కొందరు కొత్త పద్ధతి పట్టారు. కరిగిన గాజు ముద్దని కత్తెరతో తుంచి ఇనప అచ్చులో పడేసి, మీట నొక్కితే పైనుంచి దిమ్మ దిగి, ముద్ద అచ్చు రూపం పోసుకుంటుంది. మన పంచదార చిలకల్ని తలుచుకోండి. రెండు చెక్కలు కలిసే చోట చిలక వీపు మీద సన్నని గీత ఉంటుందే, అలాంటి గీతే అచ్చు గాజు మీదా ఉంటుంది. పిట్స్‌బర్గ్‌లో బేక్‌వెల్ అనే ఆయన 1825లో బీరువా గుబ్బల్ని ఇలా నొక్కి తియ్యడానికి పేటెంటు తీసుకున్నాడు. అదే ఏడు డెమింగ్ జార్వెస్ అనే వ్యాపారి మాసచూసెట్స్ సముద్రతీరాన శాండ్విచ్ అనే ఊళ్ళో (తినేది కాదు, ఊరి పేరే అది) ఫ్యాక్టరీ పెట్టాడు. ఈయన అచ్చులో గ్లాసు తీశాడని తెలిసి ఊదేవాళ్ళు మండిపడ్డారట. తమ పొట్ట కొడుతున్నాడని చంపేస్తామన్నారనీ, ఆయన కొన్ని వారాలు వీధిలోకి రాకుండా దాక్కున్నాడనీ ఒక కథ. కథలో నిజం ఎంతైనా ఆ భయంలో నిజం ఉంది. చేనేత మగ్గాల మీదికి మిల్లు గుడ్డ వచ్చినప్పుడు మన ఊళ్ళల్లో పడ్డ భయమే అదీ.

మొదట్లో అచ్చు గాజు ఏమంత బాగా వచ్చేది కాదు. చల్లటి ఇనుము తగలగానే గాజు మీద ముడతలు పడేవి. వాటిని దాచడానికి అచ్చు లోపలంతా సన్నటి చుక్కలు చెక్కి, వాటి మధ్య ఆకులు, తీగెలు, గుండెకాయ బొమ్మలు వేశారు. లోపం కనబడకుండా చేసిన ఉపాయం చివరికి అందం అయి కూర్చుంది. వెలుతురులో అచ్చం లేసు అల్లికలా మెరుస్తుంది కనక దానికి లేసీ గ్లాస్ అని పేరు. 1830, 40ల నాటి ఆ పళ్ళేలు ఇప్పుడు మ్యూజియాల్లో ఉన్నాయి.

వాటిల్లో నాకు నచ్చినవి కప్పు ప్లేట్లు. మూడు, మూడున్నర అంగుళాల వెడల్పు, మన తాంబూలం చిల్లర పెట్టుకునే పళ్ళెమంత. ఎందుకో తెలుసా? ఆ రోజుల్లో అమెరికాలో పెద్దమనుషులు కూడా టీ సాసర్లో పోసుకునే తాగేవారు! సాసరు చేతిలోకి పోతే తడి కప్పు బల్లగుడ్డ మీద మరక చేస్తుంది కదా, కప్పు కింద పెట్టుకోవడానికి ఈ బుల్లి ప్లేటు. సాసర్లో పోసుకుని జుర్రుతున్నారని మన తాతల్ని వెక్కిరించిన ఇంగ్లీషు చదువుల వాళ్ళకి ఈ సంగతి తెలిస్తే బాగుండేది.

ఆ బుల్లి ప్లేట్ల మీదే ఎన్నికల ప్రచారాలు, ఓడల బొమ్మలు, చరిత్ర. ఒకదాని మీద బోస్టన్ దగ్గరి బంకర్ హిల్ స్మారక స్తంభం ఉంటుంది. 1825లో లఫయెట్ శంకుస్థాపన చేశాడు, మగవాళ్ళ సంఘం డబ్బు చాలక పని ఏళ్ళ తరబడి నిలిచిపోయింది. సారా జొసీఫా హేల్ అనే పత్రికా సంపాదకురాలు పూనుకుని 1840లో ఆడవాళ్ళ చేత సంత పెట్టించి, కుట్లూ అల్లికలూ పిండివంటలూ అమ్మించి డబ్బు పోగుచేసింది. ఆ ప్లేటు అంచు చుట్టూ శంకుస్థాపన తేదీతో పాటు, పూర్తి చేసింది స్త్రీలు అని కూడా పోతపోశారు. స్తంభం కిందనుంచి ఎంతమంది అది తలుచుకుంటారో గాని, గాజు మాత్రం మర్చిపోలేదు.

1864లో ఇంకో మలుపు. వెస్ట్ వర్జీనియాలో వీలింగ్ ఊళ్ళో హాబ్స్ బ్రాకూనియర్ ఫ్యాక్టరీలో పనిచేసే విలియం లెయిటన్, సీసం బదులు సోడా, సున్నం సరైన పాళ్ళలో కలిపి చవకైన తెల్లగాజు తీశాడు. అంతర్యుద్ధం రోజులు, సీసం ప్రియం. కొత్త గాజు తేలిక, తొందరగా గట్టిపడుతుంది. ఇహ చూడండి, ఫ్యాక్టరీలు పుట్టగొడుగుల్లా లేచాయి. వెన్న గిన్నె, పంచదార గిన్నె, పాల జగ్గు, చెంచాలు నిలబెట్టే గ్లాసు — ఈ నాలుగూ ఒక సెట్టు. పెళ్ళయిన పిల్లకి ఈ సెట్టు ఉంటే కాపురం పెట్టినట్టే. ఆ చెంచాల గ్లాసు ఇప్పుడెవరికీ అక్కర్లేదు. ఒహాయోలో ఉన్న మా ఆడపడుచు అలాంటిదొకటి కొని దేవుడి మందిరంలో అగరొత్తులు పెట్టుకుంది.

ఒక్కో ఫ్యాక్టరీ ఏటా కొత్త నమూనాలు వదిలేది. పిట్స్‌బర్గ్‌లో డంకన్ కంపెనీ 1878లో పాత్ర కాడకి మూడు వైపులా స్త్రీ ముఖం పెట్టింది. అచ్చు చెక్కిన మిల్లర్ తన భార్య ఎలిజబెత్ ముఖమే చెక్కాడంటారు. 1892లో వీలింగ్‌లోని సెంట్రల్ గ్లాస్ కంపెనీ నాణేల బొమ్మలతో సెట్టు తీసింది. కొద్ది నెలలకే ప్రభుత్వం వచ్చి, ఇది దొంగ నాణేల అచ్చే అని ఆపించింది. చేసేది లేక నాణెం తీసేసి కొలంబస్ ముఖం పెట్టారు. కొలంబస్ అభ్యంతరం చెప్పలేడు కదా!

ఫిలడెల్ఫియాలో గిలిండర్ కంపెనీ చేసిన సెట్టు ఒకటుంది. మంచు పట్టినట్టుండే గాజు మీద అడవిదున్న, జింక, పడమటికి వలసపోయిన తెల్లవాళ్ళు కట్టుకున్న దుంగల ఇల్లు. మూత మీద పట్టుకునే పిడి ఏమిటంటే, మోకాళ్ళ మీద కూర్చున్న అక్కడి ఆదివాసి. బొమ్మ గొప్పగా ఉంటుంది, కాదనను. కాని ఎవరి నేల మీద ఆ ఇల్లు లేచిందో వాడినే మూతకి పిడి చేసి, పొద్దున్నే రొట్టెకి వెన్న కావాలన్నప్పుడల్లా వాడి తల పట్టుకుని ఎత్తడం! కంపెనీ దానికి పెట్టిన పేరు పయొనీర్. ఆ పేరు ఎవరికీ గుర్తులేదు. సేకరించేవాళ్ళు పెట్టిన వెస్ట్‌వర్డ్ హో అన్నదే నిలిచింది.

మెరుపు వెనక చీకటి కూడా చెప్పాలి. 1908లో లూయిస్ హైన్ అనే ఫొటోగ్రాఫరు ఇండియానా, వెస్ట్ వర్జీనియా గాజు ఫ్యాక్టరీల్లో అర్ధరాత్రి పూట ఫొటోలు తీశాడు. అచ్చు మూసి తెరిచే కుర్రాళ్ళు, వేడి సామాను మోసి చల్లార్చే కొలిమికి చేర్చే కుర్రాళ్ళు. ముఖాల నిండా మసి, కళ్ళలో నిద్ర. మన ఇళ్ళల్లో అయితే బడికి పంపడానికి లేపలేక అవస్థపడే వయసు. అలంకారంగా బీరువాలో పెట్టుకున్న ఏ గిన్నె ఏ పిల్లవాడు మోసిందో చెప్పే గుర్తు గాజు మీద ఉండదు.

1929లో మార్కెట్లు కుప్పకూలాయి. ఉద్యోగాలు పోయాయి, బ్యాంకులు మూతపడ్డాయి. సరిగ్గా ఆ కరువు రోజుల్లోనే రంగురంగుల అచ్చు గాజు ఇంటింటికీ చేరింది. గులాబి రంగు, లేత ఆకుపచ్చ, తేనె రంగు, నీలం. మనిషి చేతిసాయం తగ్గి యంత్రాలే తీస్తున్న సరుకు, చాలా చవక. అయిదూ పది సెంట్ల దుకాణాల్లో అమ్మారు. అమ్మడమేమిటి, ఊరికే ఇచ్చారు! ఓట్సు డబ్బాలో కప్పు. సబ్బు కొంటే పళ్ళెం. సినిమా హాళ్ళవాళ్ళు వారంలో ఒక రాత్రి ఆడవాళ్ళ టిక్కెట్టుకి ఒక గిన్నె ఇచ్చేవారు. సెట్టు పూర్తికావాలంటే వారం వారం సినిమా చూడాల్సిందే. పాత చీరలిచ్చి స్టీలు గిన్నె తీసుకునేటప్పుడు బేరమాడిన చేతులకీ, హార్లిక్స్ సీసా కడిగి కందిపొడి పోసుకున్న చేతులకీ ఆ ఆనందం విడమర్చి చెప్పక్కర్లేదు. ఇంట్లో మగాడికి పని లేదు, బల్ల మీద చిక్కుడు గింజల పులుసు తప్ప ఇంకేమీ లేదు. కాని ఆ పులుసు గులాబి రంగు గిన్నెలో ఉంది. అది చిన్న విషయమని నేననుకోను.

పెన్సిల్వేనియాలో జీనెట్ కంపెనీ చెర్రీ బ్లాసమ్, ఒహాయోలో హాకింగ్ వాళ్ళ ప్రిన్సెస్, హేజెల్ అట్లస్ వాళ్ళ రాయల్ లేస్ ఈ కాలం సరుకే. రాయల్ లేస్ ముదురు నీలంలో రావడానికి ఒక కథ చెబుతారు. బాలనటి షర్లీ టెంపుల్ బొమ్మ ఉన్న నీలం కప్పులు చెయ్యడానికి ఆ కంపెనీకి ఒప్పందం ఉండేదట. అది ఆగిపోయి, కరిగించిన నీలం గాజు మిగిలిపోతే ఈ అచ్చుల్లో పోశారట. మిగిలిన పిండితో వేసిన అట్టే ఇవాళ అందరికన్నా ప్రియం!

ఇప్పుడు పేర్ల సంగతి. పాత కంపెనీలు చాలావాటికి నమూనా అంటే నంబరే. హైసీ కంపెనీ జాబితాలో 1255 అని ఉంటుంది, అంతే. మనం చూస్తే దాని మీద అనాసపండు, విసనకర్ర ఉంటాయి. అందుకే ఇప్పుడు దాన్ని పైనాపిల్ అండ్ ఫ్యాన్ అంటారు. కంపెనీలు మూతపడ్డాయి, కాగితాలు పోయాయి, గిన్నెలు అటకలెక్కాయి. పండితులు ఊదిన గాజు గురించి, కోసిన గాజు గురించి రాశారు కాని, ఈ చవకబారు సామాను వైపు ఎక్కువమంది చూడలేదు. 1931లో రూత్ వెబ్ లీ ఒక పెద్ద పుస్తకం వేసింది. ఏ నమూనాలో ఏయే పాత్రలున్నాయి, ఏ రంగులున్నాయి అని వరసగా రాసింది. తరవాత మిన్నీ వాట్సన్ కామ్ పాల జగ్గుల్ని పట్టుకుంది. 1939లో మొదటి పుస్తకం, అలా ఎనిమిది. జగ్గు తరవాత జగ్గు, బొమ్మతో సహా. జగ్గులే ఎందుకంటే, సెట్టులో మిగతావి పగిలినా జగ్గు దొరుకుతుంది. 1958లో ఆలిస్ మెట్జ్. 1970లో హేజెల్ మేరీ వెదర్‌మన్ ఆ కరువు రోజుల రంగు గాజు మీద రాసింది. ఆ పుస్తకం వచ్చాకే డిప్రెషన్ గ్లాస్ అనే పేరు నలుగురి నోళ్ళలో నానింది.

పేరు లేని ప్రతిదానికీ వీళ్ళు పేరు పెట్టారు. గంటపూవు, పుష్కలాల కొమ్ము, సామంతి-గుండీ. ఒకదానికే ఇద్దరు ముగ్గురు పేర్లు పెట్టిన సందర్భాలూ ఉన్నాయి, బారసాల రోజున ముగ్గురు మేనత్తలూ మూడు పేర్లు పిలిచినట్టు. నవ్వుకోవచ్చు. కాని పేరు లేని వస్తువుని వెతకలేం, పోల్చలేం, ఇది మా అమ్మమ్మది అని చెప్పుకోలేం. విశ్వవిద్యాలయం పట్టించుకోని చరిత్రని వంటింటి బల్ల మీద కూర్చుని, ఉత్తరాలు రాసి, సంతలు తిరిగి, పాత జాబితాలు సంపాదించి వీళ్ళు నిలబెట్టారు.

కిందటేడు ఒహాయోలో ఉన్న రెండు నెలలూ మా ఆడపడుచు నన్ను పాత సామాన్ల దుకాణాలన్నీ తిప్పింది. ఒకచోట డెబ్భై దాటిన ఒకావిడ గుర్తుపట్టే పాఠం చెప్పింది. “ముందు కళ్ళతో కాదు, వేళ్ళతో చూడు” అంది. గిన్నె అడుగు తడిమించింది. నిజంగా వాడిన గాజుకి అడుగున సన్నటి గీతలు అడ్డదిడ్డంగా ఉంటాయి, అరవై ఏళ్ళు బల్ల మీద జరిగినట్టు. గరుకు కాగితంతో రుద్దిన దొంగ పాతదనమైతే గీతలన్నీ ఒకే వైపు పోతాయి. తరవాత వేలిగోరుతో మీటింది. సీసం గాజైతే గంటలా ఖంగుమని సాగుతుంది, సోడా గాజైతే టక్‌మని ఆగిపోతుంది. ఖంగుమన్నది 1864కి ముందుది కావచ్చు. టక్‌మన్నంత మాత్రాన చెడ్డదేం కాదు, తరవాతది అంతే. గడ్డిపరక అంటుకున్నట్టు కనిపించే గీతని చూపించి, “ఇది దెబ్బ కాదు, కత్తెర తుంచినచోట ముద్ద చల్లారిన గుర్తు” అంది. గోరుకి తగిలితే అంచు చిట్లినట్టు, తగలకపోతే పుట్టుమచ్చ.

ఆవిడ తాళాలగుత్తికి దొంగనోట్లు పట్టే నీలిదీపం ఒకటుంది. దాన్ని ఆకుపచ్చ పళ్ళెం మీదికి తిప్పేసరికి అది మిణుగురు పురుగులా వెలిగింది! రంగు కోసం యురేనియం కొద్దిగా కలిపేవారట. మా ఆడపడుచు కంగారుపడి, “వదినా, ఇందులో తినచ్చంటావా?” అని తెలుగులో అడిగింది. నేను ఆవిడని అడిగాను. కలిపింది బహు కొద్ది, బీరువాలో ఉంటే భయం లేదు, అందులో రోజూ మాత్రం తినక్కర్లేదంది. మెరిసినంత మాత్రాన పాతదని కూడా నమ్మకూడదట; ఇప్పుడూ యురేనియం గాజు చేసేవాళ్ళున్నారు. పూర్వం తెల్లగాజు ఆకుపచ్చగా తిరగకుండా మాంగనీసు వేసేవారు. ఏళ్ళ తరబడి ఎండ తగిలితే అది ఊదారంగుకి తిరుగుతుంది. దాన్నీ యంత్రంలో పెట్టి నాలుగురోజుల్లో ఊదా చేసి అమ్మేవాళ్ళున్నారు. గిన్నెలు కడిగే యంత్రంలో వేస్తే పట్టే తెల్లటి మబ్బు మాత్రం ఎన్ని చింతపళ్ళు పెట్టి తోమినా వదలదు. అది మరక కాదు, గాజే తినేసిపోవడం.

గుర్తులున్నవి తక్కువ. హైసీ అయితే వజ్రం ఆకారంలో హెచ్ అక్షరం, హేజెల్ అట్లస్ అయితే హెచ్ కింద ఏ, ఫెడరల్ అయితే డాలులో ఎఫ్. చాలావాటి మీద ఏమీ ఉండదు, నమూనా చదవడమే దిక్కు.

నకిళ్ళ బెడద పాతదే. లీ గారు 1938లోనే దాని మీద వేరే పుస్తకం రాయాల్సి వచ్చింది. అసలు చిక్కు నకిలీ చేసేవాడు పరాయివాడు కానప్పుడు. ఫెడరల్ కంపెనీ 1932 నుంచి 39 దాకా మాడ్రిడ్ అనే నమూనా చేసింది. 1976లో, దేశానికి రెండువందల ఏళ్ళు నిండాయని, అదే నమూనాని తేనె రంగులో మళ్ళీ తీసింది. పద్ధతిగా 76 అని అంకె కూడా నమూనాలో పెట్టింది. తరవాత కంపెనీ మూతపడింది. అచ్చులు ఇండియానా గ్లాస్ వాళ్ళ చేతికి వెళ్ళాయి. వాళ్ళు అంకె తీసేసి, నీలం, గులాబి రంగుల్లో కూడా తీశారు. చట్టప్రకారం తప్పేమీ లేదు, అచ్చులు వాళ్ళవే. కాని అమ్మ ఓట్సు డబ్బాలోంచి ఒక్కొక్కటే ఏరుకుని నింపిన సెట్టుకీ, దుకాణంలో ఒక్కపూట కొనేసిన సెట్టుకీ ఉన్న తేడా అంతా ఆ రెండంకెల్లోనే ఉండేది. అవి చెరిపేశారు. నాకైతే అది చిన్న దొంగతనంలాగే అనిపిస్తుంది.

చివరగా మనకి సంబంధించిన ముక్క. 1907 ప్రాంతాల వెస్ట్ వర్జీనియాలో ఫెంటన్ కంపెనీ, అచ్చు గాజు వేడిగా ఉండగానే లోహపు లవణాలు చల్లి నెమలి కంఠంలా మెరిసే సామాను తీసింది. మోజు తీరాక తిరునాళ్ళలో బహుమతులుగా పంచేశారు కనక కార్నివల్ గ్లాస్ అన్న పేరు వచ్చింది. మారియన్ హార్టంగ్ అనే ఆవిడ వాటి నమూనాల మీద పది చిన్న పుస్తకాలు రాసింది. ఆ మెరుపు మన దేశానికీ వచ్చింది. గాజుల ఊరు ఫిరోజాబాద్‌లో జైన్ గ్లాస్ వర్క్స్ వాళ్ళు నారింజ రంగు మెరుపుతో గ్లాసులు, కూజాలు చేశారు. దేవత బొమ్మ ఉన్న కూజా, చేప చుట్టుకున్న కూజా, ఏనుగు తలది, చెయ్యి ఆకారంలోది. ఇప్పుడవి అమెరికాలో, ఇంగ్లండులో, ఆస్ట్రేలియాలో సేకరించేవాళ్ళ అరల్లో ఉన్నాయి. వాళ్ళు పెట్టిన పేర్లే వాటికి పేర్లు. ఫిరోజాబాద్‌లో వాటిని ఏమని పిలిచేవారో, ఏ ఇంట్లో ఎవరు వాటితో మజ్జిగ తాగారో మనలో ఎవరూ రాసిపెట్టలేదు.

మీ అటక మీద అత్తగారి కాలంనాటి ట్రంకుపెట్టెలో, పాత కాగితాల మధ్య, ఎండలో పెడితే నారింజగా, ఊదాగా మెరిసే గ్లాసేదైనా ఉంటే దింపి అడుగు చూడండి. జైన్ అని ఇంగ్లీషు అక్షరాలు పోతపోసి ఉండవచ్చు. పారెయ్యకండి, యంత్రంలో కడగకండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే దాన్ని ఎవరు, ఎక్కడ, ఎందుకు కొన్నారో అడిగి, చిన్న కాగితం మీద రాసి అందులోనే పెట్టండి.